తలరాత రాసే చిరునామా



అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ నగరానికి ఉత్తరపు హద్దు ఎయిట్ మైల్ రోడ్డు. ఆ రోడ్డుకు కాస్త దక్షిణంగా, ఇళ్ళ పెరళ్ళ వెనుక ఒక కాంక్రీటు గోడ ఉంది. ఎత్తు ఆరడుగులు, పొడవు సుమారు అర మైలు. 1941లో ఇళ్ళు కట్టి అమ్మే వ్యాపారి ఒకరు దాన్ని కట్టించారు. గోడకు ఒక పక్క అప్పటికే నల్లజాతి కుటుంబాలు కాపురముంటున్నాయి. రెండో పక్క తెల్లవారి కోసం ఆయన కొత్త కాలనీ వేయబోయారు. కొనేవాళ్ళకు బ్యాంకు అప్పు సులువుగా పుట్టాలంటే ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ హామీ కావాలి. నల్లవారి వాడను ఆనుకుని ఉన్న స్థలానికి హామీ ఇచ్చేది లేదని ఆ సంస్థ తేల్చేసింది. మధ్యలో గోడ లేచాక సరేనంది. ఆ గోడ ఇప్పటికీ నిలిచే ఉంది.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు ఆ డెట్రాయిట్ చుట్టూ ఉన్న ట్రాయ్, నోవై, క్యాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ వంటి శివారు పట్టణాల్లో ఎన్నో తెలుగు కుటుంబాలున్నాయి. ఈ ప్రసంగం వింటున్న మీలో కొందరి పిల్లలూ అక్కడే ఉండవచ్చు. మీరు వెళ్ళి చూసే ఉంటారు. వరసగా ఒకే తీరు ఇళ్ళు, ఇంటి ముందు కత్తిరించిన పచ్చిక, రెండు కార్లు పట్టే గరాజు, కనుచూపు మేరలో ఒక్క కిరాణా కొట్టు కూడా లేని వీధులు. పట్టపగలే నిశ్శబ్దం. అదంతా డబ్బున్నవాళ్ళు తమకు నచ్చినట్టు కట్టుకున్నదని మనకు తోస్తుంది. అమెరికాలో ఎవరు ఎక్కడ ఉండాలన్నది వాళ్ళ వాళ్ళ సంపాదనను బట్టి, ఇష్టాన్ని బట్టి దానంతటదే జరిగిపోయిందని అనుకుంటాం. అది నిజం కాదు. ఆ నేల మీద గీతలన్నీ చట్టాలు గీసినవే. మనుషులు కూర్చుని రాసిన చట్టాలు కాబట్టి మనుషులే వాటిని మార్చగలరు కూడా. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందుగా ఆ శివారు పట్టణం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలి. మన దగ్గర నగరం పెరిగితే పక్క ఊళ్ళు చాలావరకు అందులో కలిసిపోతాయి. డెట్రాయిట్ వంటి చోట్ల శివారు పట్టణం కలవదు. దానికి వేరే కౌన్సిలు, వేరే పోలీసులు, వేరే పన్నులు. బడుల యంత్రాంగం కూడా వేరే. రోడ్డు దాటితే ఇంకో ప్రభుత్వం. ఊళ్ళోకి ఎవరు రావచ్చో పైకి చెప్పకుండానే తేల్చే పనిముట్టు ఒకటి ఆ ఊరి చేతిలో ఉంది. దాన్ని జోనింగ్ అంటారు. ఏ స్థలంలో ఏది కట్టవచ్చో చెప్పే నిబంధనలవి.

1917లో అమెరికా సుప్రీంకోర్టు లూయీవిల్ నగరానికి చెందిన ఒక కేసులో, జాతిని బట్టి వాడలు విడదీసే పురపాలక చట్టం చెల్లదని తీర్పిచ్చింది. ఆ దారి మూసుకుపోయింది. 1926లో క్లీవ్‌లాండ్ శివారులోని యూక్లిడ్ అనే ఊరి కేసులో అదే కోర్టు మరో దారి తెరిచింది. ఒక ప్రాంతంలో విడి ఇళ్ళు తప్ప అపార్ట్‌మెంట్లు కట్టకూడదని ఊరు నిబంధన పెట్టుకోవచ్చంది. విడి ఇళ్ళ మధ్య లేచే అపార్ట్‌మెంటును పరాన్నజీవితో పోల్చింది ఆ తీర్పు. అందులో జాతి మాట లేదు, పేదల మాటా లేదు. కానీ ఒక్కో ఇంటికి అర ఎకరమో ఎకరమో స్థలం ఉండి తీరాలని ఊరు రాసుకుంటే, అద్దెకుండే బస్సు డ్రైవరుకు, ఆసుపత్రి ఆయాకు, హోటల్లో గిన్నెలు కడిగే మనిషికి ఆ ఊళ్ళో తల దాచుకునే చోటుండదు. పగలు వచ్చి పని చేసి, చీకటి పడేసరికి వెళ్ళిపోవాలి. ఈనాటికీ చాలా అమెరికా నగరాల్లో నివాస స్థలంలో సుమారు ముప్పాతిక భాగం విడి ఇళ్ళకే పరిమితం.

రెండో పనిముట్టు అప్పు. 1930ల ముందు అమెరికాలో ఇల్లు కొనాలంటే సగం సొమ్ము ముందుగా పెట్టాలి, మిగిలింది నాలుగైదేళ్ళలో తీర్చాలి. సామాన్యుడి వల్ల అయ్యే పని కాదు. ఆర్థిక మాంద్యంలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం దీన్ని తిరగరాసింది. కొంచెం సొమ్ము ముందు కట్టి, మిగిలింది ఇరవై, ముప్పై ఏళ్ళలో తీర్చే పద్ధతి తెచ్చింది. ఇది గొప్ప సంస్కరణ, సందేహం లేదు. కానీ ఆ మేలు అందరికీ అందలేదు. 1933లో పుట్టిన ఒక ప్రభుత్వ రుణ సంస్థ రెండు వందలకు పైగా నగరాలకు పటాలు గీయించింది. ఆకుపచ్చ వాడలు మేలైనవి. ఆ తర్వాత నీలం, పసుపు. ఎరుపు రంగు వాడలు ప్రమాదకరమైనవి. నల్లవారు ఉన్న వాడకు దాదాపు ఎప్పుడూ ఎరుపే. 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కూడా అదే లెక్కలో నడిచింది. ఎర్ర వాడలో ఉన్నవాడు ఎంత సంపాదించినా అప్పు పుట్టదు. తెల్లవారి కాలనీలో కొందామంటే అక్కడ అమ్మరు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లక్షలాది మంది సైనికులు ఇంటికొచ్చారు. 1947లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్ మీద విలియం లెవిట్ అనే బిల్డరు బంగాళాదుంప పొలాల్లో ఇళ్ళు కట్టడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీలో కార్లు తయారైనట్టు వరసగా పదిహేడు వేలకు పైగా ఇళ్ళు లేచాయి. అదే లెవిట్‌టౌన్. మాజీ సైనికుడు ముందుగా ఒక్క డాలరు కట్టకుండా ఇల్లు కొనుక్కోగలిగాడు. ఫ్యాక్టరీ కూలీ కొడుకు ఇంటి యజమాని అయ్యాడు. అమెరికా మధ్యతరగతి అని మనం దేనిని పిలుస్తామో అది ఆ పొలాల్లోనే చాలావరకు తయారైంది. అయితే మొదట్లో అద్దెకిచ్చిన ఇళ్ళ పత్రాల్లో ఒక షరతు ఉంది. తెల్లవారు కాని వారెవరూ ఆ ఇంట్లో ఉండకూడదు, ఇంటి పనివాళ్ళు తప్ప. అదే యుద్ధంలో పోరాడి వచ్చిన నల్లజాతి సైనికుడు ఆ గుమ్మం తొక్కడానికి వీల్లేదు.

ఆనాడు కొన్న ఇంటి విలువ ఏటేటా పెరిగింది. ఆ విలువ మీద అప్పు తెచ్చి పిల్లలను కాలేజీకి పంపారు, తర్వాత ఆ ఇంటినే వారసత్వంగా ఇచ్చారు. కొననివ్వని కుటుంబం అద్దె కడుతూ ఉండిపోయింది. 2022 నాటి ఫెడరల్ రిజర్వ్ సర్వే ప్రకారం తెల్లజాతి కుటుంబం మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది సుమారు 45,000 డాలర్లు. ఆరు రెట్లకు పైగా తేడా. జీతాల్లో తేడా ఇంత లేదు. ఈ అంతరాన్ని పెంచిన కారణాల్లో ఇల్లు పెద్దది.

చదువూ డబ్బూ ఉంటే ఈ అడ్డు దాటవచ్చని ఎవరైనా అనుకుంటే, డాక్టర్ ఒసియన్ స్వీట్ సంగతి వినాలి. ఆయన నల్లజాతి వైద్యుడు. 1925 సెప్టెంబరులో డెట్రాయిట్‌లో గార్లాండ్ వీధిలో తెల్లవారి మధ్య కొనుక్కున్న ఇంట్లో భార్యతో కలిసి చేరారు. వందలాది మంది గుమిగూడి రాళ్ళు రువ్వారు. లోపలి నుంచి తుపాకి పేలింది. బయట ఒకరు చనిపోయారు. ఇంట్లో ఉన్న పదకొండు మందినీ హత్య కేసులో అరెస్టు చేశారు. ప్రఖ్యాత న్యాయవాది క్లారెన్స్ డారో వాళ్ళ తరఫున వాదించారు. మొదటి విచారణలో జ్యూరీ ఒక మాటకు రాలేకపోయింది. 1926లో జరిగిన రెండో విచారణలో, కాల్చింది తానేనన్న తమ్ముడు హెన్రీని తెల్లవారే ఉన్న జ్యూరీ నిర్దోషి అంది. ఒక మనిషికి తన ఇంటిని కాపాడుకునే హక్కు ఉందని ఒప్పించడానికి అంత పోరాటం కావలసి వచ్చింది.

అదే డెట్రాయిట్‌కు తూర్పున, సెయింట్ క్లెయిర్ సరస్సు ఒడ్డున గ్రోస్ పాయింట్ పేరుతో సంపన్నుల ఊళ్ళున్నాయి. 1945 నుంచి 1960 దాకా అక్కడి ఇళ్ళ దళారులు కొనుగోలుదారుకు మార్కులు వేసేవాళ్ళు. ఒంటి రంగు ఎంత ముదురు? మాటలో యాస ఉందా? స్నేహితులెవరు? బట్టలు ఎలా కడతారు? జీవన విధానం అమెరికన్ తరహాలో ఉందా? మామూలు వారికి 50 మార్కులు చాలు. పోలండ్ మూలాల వారికి 55, గ్రీకులకు 65, ఇటాలియన్లకు 75, యూదులకు 85 రావాలి. నల్లవారికి, ఆసియా వారికి పరీక్షే లేదు, అసలు రానివ్వరు. ఆ లెక్కన మన వాళ్ళు ఏ శ్రేణిలో ఉండేవాళ్ళో మీరే ఆలోచించండి. 1960లో ఈ సంగతి బయటపడి దేశమంతా అల్లరైంది. ఒక తరగతిలో చేరాలంటే డబ్బొక్కటే చాలదనీ, నడత, ఉచ్చారణ, దుస్తులు అన్నీ తూకం వేస్తారనీ ఆ మార్కుల పట్టికలో అక్షరాలా రాసి ఉంది.

మూడో పనిముట్టు రహదారి. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం దేశమంతటా 41,000 మైళ్ళ రహదారులను సంకల్పించింది. ఖర్చులో నూటికి తొంభై కేంద్రానిది. ఆ రోడ్ల మీద తెల్లజాతి మధ్యతరగతి శివార్లకు తరలింది. వాళ్ళకు దారి ఇచ్చే క్రమంలో నగరం నడిబొడ్డున ఉన్న నల్లవారి వాడలు చాలాచోట్ల నేలమట్టమయ్యాయి. డెట్రాయిట్‌లో బ్లాక్ బాటమ్, ప్యారడైజ్ వ్యాలీ అనే వాడలుండేవి. కొట్లు, ప్రార్థనా మందిరాలు, జాజ్ సంగీతం వినిపించే హాళ్ళు. వాటి ఊపిరి అయిన హేస్టింగ్స్ వీధి మీదుగానే క్రైస్లర్ ఫ్రీవే వేశారు. కొట్టు పెట్టుకుని నాలుగు డబ్బులు చేసుకున్న నల్లజాతి వ్యాపారుల తరగతి ఆ దెబ్బతో చెదిరిపోయింది. 1950లో దాదాపు పద్దెనిమిదిన్నర లక్షలున్న డెట్రాయిట్ జనాభా 2020 నాటికి 6,39,000కు పడిపోయింది. పన్ను కట్టేవాళ్ళు పోయారు, ఫ్యాక్టరీలు పోయాయి, ముసలి నీటిగొట్టాలు, పెన్షన్ల బాకీలు మిగిలాయి. 2013లో నగరం దివాలా తీసింది.

ఇక బడి. అమెరికాలో బడుల ఖర్చులో దాదాపు సగం స్థానికంగా, ముఖ్యంగా ఇళ్ళ మీద వేసే పన్ను నుంచి వస్తుంది. తూము పక్క పొలానికి నీళ్ళు ముందు పారి, చివరి మడికి చేరేసరికి ఇంకిపోయినట్టు, ఖరీదైన ఇళ్ళున్న ఊరి బడికే డబ్బు పారుతుంది. టెక్సస్‌లో శాన్ ఆంటోనియో నగరంలో ఎడ్జ్‌వుడ్ అనే పేద మెక్సికన్ అమెరికన్ కుటుంబాల ప్రాంతం ఉంది. అక్కడి తల్లిదండ్రులు 1968లో కోర్టుకెక్కారు. వాళ్ళు పక్కనే ఉన్న సంపన్నుల ఆలమో హైట్స్ కన్నా ఎక్కువ రేటుకు పన్ను కట్టేవాళ్ళు. అయినా వాళ్ళ పిల్లవాడి చదువుకు ఏటా వచ్చేది 356 డాలర్లు, ఆలమో హైట్స్ పిల్లవాడికి 594 డాలర్లు. 1973లో సుప్రీంకోర్టు నలుగురిపై అయిదుగురి మెజారిటీతో వాళ్ళ వాదన తోసిపుచ్చింది. సమానమైన చదువు రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదంది. మరుసటి ఏడాది, 1974లో, డెట్రాయిట్ కేసు. నగరం బడులనూ చుట్టూ ఉన్న 53 శివారు బడి జిల్లాలనూ కలిపి పిల్లలను కలగలపమని కింది కోర్టు చెప్పింది. మళ్ళీ అయిదుగురు న్యాయమూర్తులు కాదన్నారు. శివారు ఊరి హద్దును దాటించడం కుదరదన్నారు. ఆ బెంచి మీద ఉన్న ఒకే ఒక్క నల్లజాతి న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్, ఇలా వదిలేస్తే మహానగరాలు తెల్ల నగరం, నల్ల నగరం అని రెండుగా చీలిపోతాయని తన అసమ్మతి తీర్పులో హెచ్చరించారు. ఆ హెచ్చరిక నిజమైంది. 1994లో మిషిగన్ రాష్ట్రం బడుల రోజువారీ ఖర్చును చాలావరకు రాష్ట్ర పన్నుల మీదికి మార్చుకుంది. ఇది మంచి అడుగు. బడి భవనాల ఖర్చు మాత్రం ఊరి ఆస్తిపన్ను మీదే ఉండిపోయింది.

బడి తర్వాత బస్సు. డెట్రాయిట్ నగరం బస్సులు వేరు, శివార్ల బస్సులు వేరు. పైగా చాలా ఏళ్ళ పాటు శివారు ఊళ్ళకు, మాకు బస్సు వద్దు అని చెప్పి పన్ను తప్పించుకునే వీలుండేది. నోవై అలా వద్దన్న ఊళ్ళలో ఒకటి. ఉద్యోగాలు శివార్లలో, పనివాళ్ళు నగరంలో, మధ్యలో బస్సు లేదు. కారు లేని డెట్రాయిట్ కార్మికుడొకరు పనికి వెళ్ళి రావడానికి రోజూ 21 మైళ్ళు నడుస్తున్నారని 2015లో ఆ ఊరి పత్రిక రాస్తే దేశమంతా చలించింది. 21 మైళ్ళంటే 34 కిలోమీటర్లు, అక్కడి చలికాలపు మంచులో కూడా. 2022 నవంబరులో, నోవై ఉన్న ఓక్‌లాండ్ కౌంటీ ప్రజలు ఓటు వేసి ఆ వద్దనే వీలును తీసేశారు. ఇప్పుడు నోవైకి బస్సు వెళ్తుంది. ఆ గీత ఓటుతోనే చెరిగింది.

మన వాళ్ళ సంగతికి వద్దాం. 1965 నాటి వలస చట్టం తలుపు తెరిచాక మన డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికా వెళ్ళారు. కొన్నాళ్ళకు చాలామంది శివార్లలో ఇళ్ళు కొనుక్కున్నారు. రంగు చూసి ఇల్లు అమ్మననడం చట్టవిరుద్ధం కాకపోయి ఉంటే వాళ్ళు అలా కొనగలిగేవారా? ఆ హక్కు కోసం డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ 1966లో చికాగో వీధుల్లో ఊరేగింపులు నడిపారు. ఆగస్టు 5న మార్క్వెట్ పార్క్ దగ్గర గుంపు విసిరిన రాయి ఆయన తలకు తగిలింది. 1968 ఏప్రిల్ 4న ఆయన హత్య జరిగింది. వారం తిరిగేసరికి ఏప్రిల్ 11న, ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో వివక్షను నిషేధించే చట్టంపై అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశారు. ఈరోజు నోవైలోనో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో మన అబ్బాయి ఇంటి తాళం చెవి అందుకున్నాడంటే, అందులో వాడి కష్టం ఉంది. ఆ రాయి దెబ్బ తిన్న వాళ్ళ త్యాగమూ ఉంది. ఈ రుణం మనం గుర్తుంచుకోవాలి.

మన వాళ్ళు ఇల్లు వెదికేటప్పుడు మొదట అడిగేది బడి రేటింగు. పిల్లల చదువు కోసమే సముద్రాలు దాటిన వాళ్ళు అలా అడగడంలో తప్పు లేదు. కానీ రేటింగు పదికి పది ఉన్న ఊళ్ళో ఇల్లు కొన్నాక, ఆ పక్కన ఖాళీ స్థలంలో అద్దె ఇళ్ళు కడతామని ఎవరైనా వస్తే, మన ఇళ్ళ ధర పడిపోతుందని, బడి పాడైపోతుందని భయం పుడుతుంది. ఆ భయంతో ఊరి సమావేశంలో వద్దని చెయ్యెత్తుతారు. ఆ చెయ్యి ఎత్తినప్పుడు పాత గీత కొత్తగా గీసినట్టే అవుతుంది. వచ్చే ఏడాది అక్కడికే చదువుకోడానికి వెళ్ళే మన ఊరి విద్యార్థి, పెట్రోలు బంకులో రాత్రి షిఫ్టు చేసే మన కుర్రవాడు, ఆ అపార్ట్‌మెంటు కట్టి ఉంటే అందులోనే అద్దెకుండేవాడు.

ఆ భయం ఎంత నిజమో న్యూజెర్సీలోని మౌంట్ లారెల్ చూపించింది. అక్కడ ఎథెల్ లారెన్స్ అనే నల్లజాతి మహిళ ఉండేవారు. తరతరాలుగా ఆ ఊళ్ళోనే ఉన్న తన వాళ్ళకు అందుబాటు అద్దెలో ఇళ్ళు కావాలని ఆవిడ పోరాడారు. 1975లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చింది. ఎదిగే ప్రతి ఊరూ తక్కువ ఆదాయం వారికి తన వంతు చోటు ఇవ్వాల్సిందేనంది. ఆవిడ 1994లో కన్నుమూశారు. ఆవిడ పేరు పెట్టిన ఇళ్ళు 2000లో తెరుచుకున్నాయి. వాటి వల్ల చుట్టుపక్కల నేరాలు పెరగలేదని, ఇళ్ళ ధరలు పడిపోలేదని సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాసీ బృందం పరిశోధించి 2013లో పుస్తకంగా వెలువరించింది.

చోటు ఇస్తే ఏమవుతుందో కూడా తెలుసు. 1994లో అమెరికా ప్రభుత్వం బాల్టిమోర్, బోస్టన్, చికాగో, లాస్ ఏంజిలిస్, న్యూయార్క్ నగరాల్లో దాదాపు 4,600 పేద కుటుంబాలతో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. లాటరీ తీసి కొందరికి, పేదరికం తక్కువ ఉన్న వాడల్లో అద్దెకుండడానికి సాయం ఇచ్చింది. ఢిల్లీలో పుట్టిన ఆర్థికవేత్త రాజ్ చెట్టి, తన సహచరులతో కలిసి ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో లెక్క తీశారు. పదమూడేళ్ళ లోపు అలా మారిన పిల్లలు పెద్దయ్యాక మారని వారి కన్నా సగటున 31 శాతం ఎక్కువ సంపాదించారు. ఎంత చిన్న వయసులో మారితే అంత మేలు. అమ్మానాన్నలు వాళ్ళే, తెలివితేటలు అవే, మారింది చిరునామా ఒక్కటే.

మార్పు మొదలైంది. 2018లో మినియాపొలిస్ నగరం, విడి ఇళ్ళు తప్ప మరొకటి కట్టకూడదన్న నిబంధన ఎత్తివేయడానికి నిర్ణయించింది. 2019లో ఒరెగాన్ రాష్ట్రం తన నగరాల్లో అలాంటి చట్టమే చేసింది. 2021లో కాలిఫోర్నియా ఆ దారి పట్టింది. ఇవన్నీ ఊరి సమావేశాల్లో, శాసనసభల్లో, పదిమంది లేచి మాట్లాడడం వల్ల జరిగినవి.

మన వాళ్ళు ఇప్పుడు అమెరికాలో ఓటున్న పౌరులు, పన్ను కట్టే యజమానులు. కొన్ని ఊళ్ళలో కౌన్సిళ్ళలో, బడి బోర్డుల్లో భారతీయులు కూర్చుంటున్నారు. వాళ్ళ మాటకు విలువ ఉంది. శ్రోతలారా, వారం వారం ఫోను చేసే మీ అబ్బాయినో అమ్మాయినో ఒక మాట అడగండి. మీ ఊళ్ళో కూలి పని చేసేవాళ్ళు మీ ఊళ్ళోనే కాపురముండగలరా అని. అపార్ట్‌మెంటు కట్టాలా వద్దా అని, బస్సు రావాలా వద్దా అని ఈసారి సమావేశం జరిగినప్పుడు వెళ్ళి, రానివ్వండి అని చెప్పమనండి. మీ పిల్లలకు ఆ ఊళ్ళో చోటు దొరకడానికి ఎవరో ఒకరు అలా లేచి నిలబడ్డారు. ఇప్పుడు ఆ వంతు వాళ్ళది.